వండే మనిషే వంటింటికి కొలత



కొత్త ఇల్లు కట్టినా, పాత ఇంటికి మరమ్మతులు చేయించినా డబ్బులో పెద్ద వాటా ముందుగదికే పోతుంది. వచ్చినవాళ్లు కూర్చునేది అక్కడే కదా అని సీలింగు, లైట్లు, గోడలకు ఖరీదైన రంగులు, అన్నీ అక్కడే పెడతాం. వంటింటి దాకా వచ్చేసరికి చేతిలో ఎంత మిగిలితే అంతే. దాని వెనక అంట్లు తోముకునే చోటు, చెప్పులు విడిచే చోటు, కాళ్లు కడుక్కునే చోటు అయితే ఎవరి లెక్కలోకీ రావు. ఇంటిపనిలో ఎక్కువ భాగం జరిగేదేమో అక్కడే. పొద్దున్నే పాలు కాచేది, క్యారేజీలు సర్దేది, రాత్రి అందరూ పడుకున్నాక గట్టు తుడిచేది అక్కడే.

ఈరోజు ఆ రెండు చోట్ల గురించి మాట్లాడతాను. ఒకటి వంటిల్లు, రెండోది దాన్ని ఆనుకుని ఉండే తడి చోటు. వీటిని మన చేతులతో మనం ఎంతవరకు బాగుచేసుకోవచ్చు, ఎక్కడ ఆగి పనివాళ్లను పిలవాలి అన్నది చెబుతాను. లక్షలు పోసి కొత్త వంటిల్లు చేయించుకునే సంగతి కాదిది. ఒక టేపు, పెన్సిలు, స్క్రూడ్రైవరు, పానా, కాస్త ఓపిక ఉంటే అయ్యే పనులు.

వంటిల్లు ఎలా ఉండాలో అక్కడ పనిచేసేవాళ్లను చూసి నిర్ణయించాలి. వినడానికి ఇది అందరికీ తెలిసిన మాటే. దాన్ని నిజంగా పట్టించుకుని పనిచేసినవాళ్లు మాత్రం తక్కువ. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం తన ప్రజల కోసం పెద్ద ఎత్తున ఇళ్లు కట్టిస్తోంది. ఆ ఇళ్లలో వంటగదిని రూపొందించే పని మార్గరేటె లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు చేపట్టారు. ఇల్లాళ్లతో మాట్లాడి, ఏ పనికి ఎంతసేపు పడుతోందో లెక్కలు చూసి గది గీశారు. అది చాలా చిన్న గది. దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని కూరలు తరుక్కోవడానికి బల్ల, పప్పులకూ పిండికీ పేర్లు వేసిన అల్యూమినియం సొరుగులు, అన్నీ చేతికందే దూరంలో. సుమారు 10,000 ఇళ్లలో ఆ వంటగదే పెట్టారు.

అలాంటి పని మన హైదరాబాదులోనూ జరిగింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబరేటరీస్‌లో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు పొగ లేని పొయ్యిని తయారుచేశారు. ఆ ప్రయోగశాల పేరు మీదే దాన్ని హెర్ల్ చూలా అన్నారు. మట్టితో కట్టుకునే పొయ్యే, కాకపోతే పొగ గొట్టంలోంచి ఇంటి బయటికి పోతుంది. దాని మీద ఆయన ఇంగ్లీషులో రాసిన చిన్న పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. పొగ, మసి, వేడి, కట్టెల దుబారా, నిప్పు ప్రమాదం, ఈ ఐదింటి నుంచీ ఇల్లాలికి విముక్తి కావాలన్నది ఆయన పట్టుదల. ఆనకట్టల గురించీ రోడ్ల గురించీ దేశమంతా ఆలోచిస్తున్న రోజుల్లో ఒక ఇంజనీరు పొయ్యి ముందు కూర్చున్న మనిషి గురించి ఆలోచించాడు. ఆయనను మనం ఎక్కువగా తలుచుకోవాలి.

వీళ్లిద్దరూ వండే మనిషి దగ్గర మొదలుపెట్టారు. మనమూ అక్కడే మొదలుపెడదాం. ఆ మనిషిని చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడమనండి. మోచేతిని మడిచి ముంజేతిని నేలకు సమంగా చాచమనండి. నేల నుంచి మోచేతి దాకా టేపు పెట్టండి. వచ్చిన కొలతలోంచి నాలుగు నుంచి ఆరు అంగుళాలు తీసేయండి. కూరలు తరగడానికీ పిండి కలపడానికీ ఆ మనిషికి సరిపోయే గట్టు ఎత్తు అదే. ఐదడుగుల మనిషికి మోచెయ్యి దాదాపు 37, 38 అంగుళాల ఎత్తులో ఉంటుంది. అంటే గట్టు 31 నుంచి 34 అంగుళాలు ఉండాలి.

పొయ్యి లెక్క వేరు. గట్టు మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె. పులుసు కలిపేటప్పుడు గరిటె పట్టుకున్న చెయ్యి భుజం దాకా లేస్తుంది. రోజూ రెండు పూటలా అలా చెయ్యెత్తి కలిపితే భుజం నొప్పి రాక మానదు. అందుకే పొయ్యి పెట్టే భాగం మిగతా గట్టుకన్నా మూడు నాలుగు అంగుళాలు దిగువన ఉంటే మంచిది. కొత్తగా కట్టించేవాళ్లు ఈ మాట మేస్త్రీకి పని మొదలుకాకముందే చెప్పాలి.

ఇప్పటికే కట్టేసిన గట్టును పగలగొట్టనక్కర్లేదు. ఎత్తు ఎక్కువైతే గట్టు ముందు చెక్కపలకలతో బల్లపరుపుగా ఒక అరుగులాంటిది చేయించి పరవండి. అది మనిషి అటూ ఇటూ కదిలే మేరంతా ఉండాలి. చిన్న పీట వేసుకుంటే వేడి గిన్నె చేతిలో ఉండగా కాలు జారి పడే ప్రమాదం ఉంది. గట్టు ఎత్తు తక్కువైతే, తరుగుడు చెక్క కింద కాళ్లు బిగించి రెండు మూడు అంగుళాలు లేపుకోవచ్చు. వడ్రంగికి ఇది గంటసేపటి పని, మీకైతే ఒక మధ్యాహ్నం పడుతుంది.

పల్లెల్లో ఇంకో ఇబ్బంది ఉంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం మొదలయ్యాక, కట్టెల పొయ్యి మీద వండే లక్షల ఇళ్లకు గ్యాసు వచ్చింది. గ్యాసు వచ్చింది కానీ చాలా ఇళ్లకు గట్టు రాలేదు. ఇప్పటికీ నేల మీద పొయ్యి, పక్కనే సిలిండరు పెట్టుకుని వండే ఇళ్లున్నాయి. అది ప్రమాదం. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. పొయ్యి కూడా నేల మీదే ఉంటే మంట దానికి ఎదురుగానే ఉన్నట్టు. అందుకే సిలిండరు నేల మీద నిలువుగా, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలంటారు.

దీనికి రెండు ఇటుక కాళ్ల గట్టు చాలు. తాపీ పట్టడం కొంచెం తెలిసిన మనిషి ఇంట్లో ఉంటే మేస్త్రీ కూడా అక్కర్లేదు. గోడకు ఆనించి, రెండడుగుల లోతున, అర ఇటుక మందంతో రెండు చిన్న గోడలు లేపాలి. ఇటుకలు ముందు నీళ్లలో బాగా నాననివ్వాలి. పొడి ఇటుక సిమెంటులోని తడి పీల్చేసుకుంటుంది, అతుకు నిలవదు. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక. మూడంగుళాల ఇటుక, అరంగుళం సిమెంటు కలిపితే వరస మూడున్నర అంగుళాలు. తొమ్మిది వరసలకు ముప్పై ఒకటిన్నర అంగుళాలు. పైన అంగుళం మందం కడప బండ వేస్తే ముప్పై రెండున్నర. పొయ్యి కోసమే అయితే ఎనిమిది వరసలు చాలు, ఇరవై తొమ్మిది అంగుళాలకు వస్తుంది. రెండు కాళ్ల మధ్య ఎడం మూడడుగులు దాటనివ్వకండి, బండ మధ్యలో విరగొచ్చు. బండ అంచు కాళ్లకన్నా అంగుళం ముందుకు రానివ్వండి. బండ పెట్టేటప్పుడు రసమట్టంతో నాలుగు వైపులా చూసుకోండి. మర్నాటి నుంచి వారం రోజులు ఇటుకలను తడుపుతూ ఉండాలి. సిలిండరు ఆ గట్టు కింద పెడితే ముందు తలుపు వద్దు. తలుపు పెట్టుకోవాలనుకుంటే కింది అంచు దగ్గర గాలి ఆడే కన్నాలు తప్పకుండా ఉండాలి. పొయ్యి కిటికీకి తిన్నగా ఎదురు రాకుండా చూసుకోండి, గాలికి మంట ఆరిపోతే గ్యాసు వస్తూనే ఉంటుంది.

వెలుతురు సంగతి రెండు మాటల్లో చెబుతాను. వంటింటి ట్యూబులైటు చాలా ఇళ్లలో వండే మనిషి వీపు వెనక ఉంటుంది. మనిషి నీడ సరిగ్గా కత్తి మీద పడుతుంది. గట్టు పైనున్న అల్మరా అడుగు అంచుకు ఒక చిన్న ఎల్‌ఈడీ బద్ద బిగించి, ఉన్న సాకెట్టులోనే ప్లగ్గు పెడితే ఆ నీడ పోతుంది. బియ్యంలో రాళ్లేరే పెద్దవాళ్లకు ఇది ఎంత సాయమో పెట్టాక తెలుస్తుంది.

సర్దుబాటులో ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. రోజూ వాడేవి నడుముకూ కళ్లకూ మధ్య ఎత్తులో. గ్రైండరు, బియ్యం డబ్బా వంటి బరువులు కింద. సంక్రాంతికి అరిసెలు చేసే పెద్ద మూకుడు, పెళ్లిళ్లకు తీసే గంగాళం అటక మీద. పొయ్యికి నేరుగా పైన చెక్క గూడు గానీ ప్లాస్టిక్ డబ్బాలు గానీ వద్దు.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం. వంటింట్లో మన చేతికి బాగా లొంగే పని ఇదే. సింకుకూ గట్టుకూ మధ్య సందులో నల్లగా బూజు పట్టి ఉంటుంది. ఆ సందులోంచి దిగిన నీళ్లు కింది అల్మరా చెక్కను ఉబ్బిస్తాయి, బొద్దింకలు అక్కడే చేరతాయి. దీన్ని ఒక సిలికాన్ ట్యూబుతో ఆపేయొచ్చు. కాకపోతే పద్ధతి తప్పకూడదు.

ముందు పాతదంతా బ్లేడుతో గీకి తీసేయండి. పాతదాని మీద కొత్తది అంటుకోదు. సందును సబ్బునీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఒక పూట ఆరనివ్వండి. ఈ పని రాత్రి అంట్లయ్యాక మొదలుపెట్టి, ఫ్యాను వేసి వదిలితే పొద్దుటికి సందు పొడిగా ఉంటుంది. తర్వాత సందుకు అటూ ఇటూ కాగితపు టేపు తిన్నగా అంటించండి. ట్యూబు మూతిని ఏటవాలుగా, సందు వెడల్పుకు తగ్గట్టు చిన్నగా కోయండి. చాలామంది పెద్ద రంధ్రం కోస్తారు, అప్పుడు సరుకంతా ఒక్కచోటే కారిపోతుంది. ఒక మూల మొదలుపెట్టి చెయ్యి ఆపకుండా ఒకే వేగంతో చివరిదాకా లాగండి. వెంటనే వేలిని సబ్బునీళ్లలో ముంచి ఆ గీత మీద ఒక్కసారి నిమరండి. సిలికాన్ లోపలికి కూరుకుని, పైన నున్నగా పల్లంలా అవుతుంది. అది గట్టిపడకముందే టేపు లాగేయండి. ఇరవై నాలుగు గంటలు ఆ సింకులో నీళ్లు పోయకూడదు. అంతసేపు అంట్లు బయట తోముకునే ఏర్పాటు ముందే చూసుకోండి. అలా కట్టుదిట్టంగా వేసిన సందు కొన్నేళ్లు మీకు పని చెప్పదు.

కుళాయి చుక్కలు కారుతుంటే ముందు ఆ కుళాయికి నీళ్లొచ్చే వాల్వు కట్టేయండి. పిడి ఊడదీస్తే లోపల స్పిండిల్ కనిపిస్తుంది. దాన్ని పానాతో విప్పి, జేబులో వేసుకుని దుకాణానికి తీసుకెళ్లి అచ్చం అలాంటిదే తెచ్చుకోండి. నోటిమాటగా సైజు చెబితే రెండోసారి తిరగాల్సి వస్తుంది. మరలున్న చోట టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మర బిగిసే దిక్కుకే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడొస్తుంది.

బోరు నీళ్లు వాడే ఊళ్లలో కుళాయి మూతికున్న జాలీలో తెల్లటి గార పట్టి నీళ్లు సన్నబడతాయి. జాలీ విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గంటసేపు ఉంచితే గార కరిగిపోతుంది. ఇక్కడే ఒక హెచ్చరిక. ఆ గార, మన నేలల మీదా గట్ల మీదా ఉండే తాండూరు బండ, కడప బండ, బేతంచర్ల బండ, వీటన్నిటిలో ముఖ్యంగా ఉండేది సున్నమే. గారను కరిగించే పులుపు బండను కూడా తింటుంది. చింతపండు రసం, నిమ్మరసం, వెనిగరు ఆ బండల మీద పడితే వెంటనే తుడవాలి. బాత్రూములు కడిగే యాసిడ్ వాటి దరిదాపులకు రానివ్వకూడదు. ఒకసారి మెరుపు పోయి మచ్చ పడితే మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. చీమకుర్తి నల్ల గ్రానైటు పులుపుకు అంత తేలిగ్గా లొంగదు. గట్టుకు ఏ రాయి వేయాలా అని ఆలోచించేవాళ్లు ధర ఒక్కటే చూడకుండా, ఇంట్లో పులుపు వాడకం కూడా చూసుకోవాలి.

ఇప్పుడు రెండో చోటు. అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లో, మిన్నెసోటా, మిషిగన్ వైపు, పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు చూసే ఉంటారు. గరాజు నుంచి ఇంట్లోకి వచ్చే దారిలో ఒక చిన్న గది ఉంటుంది. మంచు అంటిన బూట్లు విప్పడానికి బల్ల, తడి కోట్లు తగిలించడానికి కొక్కేలు, బూట్ల కింద నీళ్లు కారితే పట్టే పళ్లాలు. మడ్‌రూమ్ అంటారు దాన్ని. బయటి మురికి ఇంట్లోకి రాకుండా అక్కడే ఆగిపోతుంది. మన పాత ఇళ్లలో ఈ పని పెరటి గుమ్మం చేసేది. నీళ్ల గోళెం, దాని మీద చెంబు, కాళ్లు కడుక్కునే బండ. కాళ్లు కడుక్కోకుండా గడప దాటనిచ్చేవారు కాదు. ఫ్లాట్లు వచ్చాక ఆ చోటు పోయింది. చెప్పులు కారిడార్‌లోకి వచ్చాయి. కారిడార్ మనది కాదు, నిప్పంటుకుంటే అందరూ పరిగెత్తే దారి అది. అక్కడ చెప్పుల స్టాండు పెట్టకూడదు.

ఫ్లాట్లలో వంటింటి పక్కనుండే యుటిలిటీనీ, సొంత ఇళ్లలో పెరటి వసారానూ ఈ పనికి సిద్ధం చేసుకోవచ్చు. ముందు నేల వాటం చూడండి. ఒక మగ్గు నీళ్లు పోసి కాసేపు నిలబడండి. నీళ్లన్నీ తూములోకి పోతే సరే. ఏ మూలనో నిలిచిపోతే అక్కడ వాటం తప్పింది. తడి చోట్లలో అడుగుకు పావు అంగుళం పల్లం ఉంటే నీళ్లు నిలవవు. వాటం సరిచేయడం మాత్రం మేస్త్రీ పని. నీళ్లు సరిగ్గానే పోతున్నా వాసన వస్తుంటే, తూము కిందున్న నహానీ ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి ఉండొచ్చు. ఆ మలుపులో నిలిచే నీళ్లే మురుగు వాసననూ బొద్దింకలనూ పైకి రాకుండా ఆపుతాయి. ఊరెళ్లి వచ్చాక ఒక చెంబెడు నీళ్లు పోస్తే సరిపోతుంది.

కూర్చుని చెప్పులు, బూట్లు విప్పడానికి ఒక బల్ల కావాలి. పెరట్లో అయితే ఇందాకటి పద్ధతే. ఐదు వరసల ఇటుక మీద కడప బండ వేస్తే దాదాపు పద్దెనిమిదిన్నర అంగుళాలు వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆ ఎత్తు నుంచి తేలిగ్గా లేవగలరు. కింద ఖాళీలో చెప్పులు పెట్టుకోవచ్చు. ఫ్లాటులో ఇటుక పని వద్దు, తుప్పు పట్టని కాళ్లున్న బల్ల చాలు.

గోడకు రెండు వరసల కొక్కేలు బిగించండి. ఒకటి పెద్దవాళ్లకు, ఇంకొకటి నేల నుంచి మూడడుగుల ఎత్తులో పిల్లలకు. చేతికందితే బడి సంచీ వాళ్లే తగిలిస్తారు. డ్రిల్లు పెట్టేముందు స్విచ్‌బోర్డు ఎక్కడుందో చూడండి. గోడ లోపలి వైర్లు మామూలుగా బోర్డు నుంచి నిలువుగా పైకో కిందికో పోతాయి. బోర్డుకూ కుళాయికీ పైనా కిందా కన్నం పెట్టకండి. టైలు మీద గుర్తు పెట్టిన చోట కాగితపు టేపు ముక్క అంటిస్తే బిట్టు జారదు. డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో పెట్టకుండా నెమ్మదిగా మొదలుపెట్టండి. టైలు దాటి గోడ తగిలాక హ్యామర్‌కు మార్చండి. మొదటే హ్యామర్ పెడితే టైలు పగులుతుంది.

రైతు కుటుంబాలకు ఈ చోటు ఇంకా ముఖ్యం. పత్తికో మిరపకో మందు కొట్టి వచ్చిన మనిషి ఆ బట్టలతో నట్టింట్లోకి రాకూడదు. పసిపిల్లలు వచ్చి ఒళ్లో ఎక్కుతారు. పెరట్లోనే ఒక కొక్కెం, ఒక విడి బకెట్టు, ఒక సబ్బు ఆ బట్టల కోసమే ఉంచండి. మిగతా బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. స్నానం చేసి, బట్టలు మార్చుకుని లోపలికి రావాలి. పెద్దగా ఖర్చు లేని ఈ ఏర్పాటు పిల్లల ఒంట్లోకి విషం చేరకుండా కాపాడుతుంది. మీ ఊళ్లో ఒక్క ఇంట్లోనైనా ఇది లేకపోతే దయచేసి వెళ్లి చెప్పండి.

మన చేతికి ఒదగని పనులూ ఉన్నాయి. రెగ్యులేటరు, గ్యాసు పైపుల జోలికి పోవద్దు. పొయ్యి చోటు మారిస్తే డీలరు మనిషిని పిలవండి. రబ్బరు గొట్టం ఐదేళ్లకోసారి మార్చాలి. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు వెయ్యకుండా, తియ్యకుండా కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. కరెంటు వైర్లు ఎలక్ట్రీషియన్‌వే. తడి చోటుకు ఆర్‌సీసీబీ పెట్టించమని అడగండి, 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కరెంటు కట్టేస్తుంది. దాని మీది టెస్ట్ బటను నెలకోసారి మీరే నొక్కి చూడొచ్చు. గోడ పగలగొట్టి వంటిల్లు పెద్దది చేద్దామనుకుంటే ఇంజనీరుకు చూపించకుండా ఒక్క ఇటుక కూడా తీయవద్దు. వసారా మీద పాత సిమెంటు రేకులుంటే వాటిని కోయడం, కన్నాలు పెట్టడం వద్దు. అందులోని ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు చెడ్డది.

ఇవన్నీ ఒక్కసారే చేయాలని నేననను. ఏది ముందు, ఏది వెనక అన్నది ఇంట్లో వండే మనిషి చెప్పాలి. టేపు, స్క్రూడ్రైవరు పట్టాల్సింది మిగతావాళ్లు. ఏళ్ల తరబడి ఆ గట్టు దగ్గర నిలబడి, ఆ ఇబ్బందికి అలవాటుపడిపోయి, అడగడం మానేసిన తల్లులు, భార్యలు, అత్తలు చాలా ఇళ్లలో ఉన్నారు. ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని వాళ్ల పక్కన కూర్చోండి. ఇక్కడ నీకు ఏది ఇబ్బంది అని అడగండి. వాళ్లు చెప్పిన వరసలోనే రాసుకుని, మొదటి పనితోనే మొదలుపెట్టండి.